‘దసరాకి కొన్నాం’ అంటే తేదీ కాదు: బిల్లు తెల్లబడిపోయిన ఒక కావలి పాఠకురాలికి

ప్రశ్న: మాది కావలి. ఇంట్లో నాలుగు ఫోన్లు, పాప ల్యాప్‌టాప్, ఒక ట్యాబ్, చెవుల్లో పెట్టుకునే బడ్స్, ఇన్వర్టర్ ఉన్నాయి. పోయిన నెల ల్యాప్‌టాప్ తెరమీద నిలువు గీతలు వస్తే నెల్లూరులో సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాం. ఎప్పుడు కొన్నారని అడిగారు. దసరాకి అన్నాను. ఏ దసరా, బిల్లేది అన్నారు. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచిన బిల్లు తీసి చూస్తే తెల్లకాగితం, ఒక్క అక్షరం లేదు. మావారి ఫోన్ చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నాం, దానికి సరైన బిల్లు ఇచ్చారో లేదో కూడా గుర్తులేదు. పాత తేదీలు ఇప్పుడు కనుక్కునే దారి ఉందా? ఇకమీదట ఎలా రాసిపెట్టుకోవాలి? అటకమీద ఖాళీ అట్టపెట్టెలు నిండిపోయాయి, పారేయొచ్చా?

జవాబు: ముందు ల్యాప్‌టాప్ సంగతి చూద్దాం, దానికే తొందర. మీ దగ్గరున్న కాగితం తెల్లబడింది గానీ బిల్లు పోలేదు. అమ్మిన షాపు కంప్యూటర్లో అది ఇంకా ఉంటుంది. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి తన లెక్కలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్నుకు చివరి గడువు తేదీ నుంచి 72 నెలలు దాచి ఉంచాలని కేంద్ర జీఎస్‌టీ (సీజీఎస్‌టీ) చట్టం 36వ సెక్షన్ చెబుతోంది. అంటే ఒకటి రెండేళ్ల కిందటి బిల్లు షాపులో లేదనడానికి వీల్లేదు. వెళ్లేటప్పుడు కొన్నప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీదుండే సీరియల్ నంబరు, సుమారుగా ఏ నెలో రాసుకుని వెళ్లండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫోన్ నంబరుతో వెతికితే నిమిషాల్లో దొరుకుతుంది. ‘డూప్లికేట్ కాపీ కావాలి, ఏ4 కాగితం మీద ప్రింటు తీసి షాపు ముద్ర వేసివ్వండి’ అని అడగండి.

‘కొత్త బిల్లు రాసిస్తాం, తేదీ మీరే చెప్పండి’ అని షాపువాళ్లు మంచితనంగా అన్నా ఒప్పుకోకండి. అలా రాసిన బిల్లు నంబరు వాళ్ల అమ్మకాల లెక్కలో ఆ తేదీ దగ్గర కనపడదు. రేపు తగాదా వస్తే మీ కేసంతా అక్కడే కూలిపోతుంది. కావలసింది పాత నంబరుతో, పాత తేదీతో, పాత బిల్లుకు నకలు మాత్రమే.

షాపు మూసేసి ఉంటే డబ్బు కట్టిన దారిలో వెతకండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో, ఫోన్‌పే, గూగుల్‌పే అయితే ఆ యాప్ హిస్టరీలో తేదీ ఉంటుంది. నెలవారీ వాయిదాల మీద తీసుకుని ఉంటే మీ పని ఇంకా తేలిక. అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ సాధారణంగా బిల్లు నకలు తీసుకున్నాకే డబ్బు విడుదల చేస్తుంది, వాళ్లను అడగండి. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లలో కొన్నవాటికి ఆర్డర్ల పేజీలోంచి ఇన్వాయిస్ దించుకోవచ్చు. ఏ ఫోన్ నంబరుతో ఖాతా తెరిచారో అది గుర్తుండాలి. ఇంట్లో ఒకరి ఖాతాలోంచి ఇంకొకరికి కొన్న వస్తువుల తేదీలు ఎక్కువగా ఇక్కడే తప్పిపోతుంటాయి.

ఇవి జరుగుతుండగానే కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ పేజీకి వెళ్లి సీరియల్ నంబరు కొట్టి చూడండి. డెల్ ల్యాప్‌టాప్‌కి దీన్ని సర్వీస్ ట్యాగ్ అంటారు, ఏడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. హెచ్‌పీ, లెనోవో వాటికి సీరియల్ నంబరే. అక్కడ కనిపించే తేదీ ఒక్కోసారి మీరు కొన్న తేదీ కాదు, కంపెనీ నుంచి సరుకు బయలుదేరిన తేదీ. షాపులో మూడు నెలలు అరలో ఉన్న ల్యాప్‌టాప్ మీరు కొన్నారనుకోండి, వెబ్‌సైట్ లెక్కలో మీ వారంటీ మూడు నెలల ముందే అయిపోయినట్టు కనబడుతుంది. బిల్లు చూపిస్తే చాలా కంపెనీలు ఆ తేదీని సరిచేస్తాయి. బిల్లు లేకపోతే వెబ్‌సైట్ తేదీనే చివరిమాట. కాబట్టి ‘వారంటీ అయిపోయింది’ అన్నంత మాత్రాన వెనక్కి రావద్దు. ఏ తేదీ నుంచి లెక్కేశారని అడిగి, ఆ తేదీ రాయించుకోండి.

మీరు ‘దసరాకి’ అన్నారు. మన ఇళ్లలో అందరం ఇలాగే గుర్తుపెట్టుకుంటాం: సంక్రాంతి ఆఫర్, పాప పుట్టినరోజు, కాలేజీ చేరిన నెల. కానీ పండగ ఒకే తేదీన రాదు. విజయదశమి 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చింది. 2024 దసరా రోజున కొన్న వస్తువుకి ఏడాది వారంటీ అంటే 2025 అక్టోబరు 11 దాకా ఉన్నట్టు. ‘దసరాకి అయిపోయింది కదా’ అని ఇంట్లో కూర్చుంటే తొమ్మిది రోజుల హక్కు పోతుంది. ఇంకో ఏడు పండగ ఆలస్యంగా వస్తే లెక్క తిరగబడి, వారంటీ ఉందనుకుని వెళ్లి లేదనిపించుకుంటారు.

కొన్ని ఆధారాలు చూడ్డానికి పనికొచ్చేలా ఉంటాయి గానీ నమ్మకూడదు. ఫోన్‌లో మొదటి ఫొటో తేదీ చూసి కొన్న తేదీ అనుకోకండి, పాత ఫోన్‌లోంచి దించిన ఫొటోలు పాత తేదీలతోనే వస్తాయి. ల్యాప్‌టాప్‌లో విండోస్ చూపించే ఇన్‌స్టాల్ తేదీ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మారిపోతుంది. అట్టపెట్టె మీద ముద్రించిన నెల, సంవత్సరం తయారీవి, అమ్మకానివి కావు. వీటన్నిటికంటే మీ జీమెయిల్ మేలు. కొత్త పరికరంలో మొదటిసారి లాగిన్ అయినప్పుడు ‘కొత్త సైన్ ఇన్’ అని గూగుల్ ఒక హెచ్చరిక మెయిల్ పంపుతుంది, ఆ తేదీ కొన్న రోజుకి చాలా దగ్గరగా ఉంటుంది. సర్వీస్ సెంటర్ దాన్ని ఒప్పుకోదు, కానీ షాపులో ఏ వారపు బిల్లులు వెతకాలో మీకు తెలుస్తుంది.

ఇక బిల్లు ఎందుకు తెల్లబడిందంటే, అది సిరాతో అచ్చువేసింది కాదు. థర్మల్ కాగితం మీద ఒక రసాయన పూత ఉంటుంది, ప్రింటర్ తల వేడి తగిలిన చోట అది నల్లబడి అక్షరమవుతుంది. అనుమానముంటే బిల్లు అంచు మీద గోరుతో గట్టిగా గీయండి, నల్లగీత పడితే థర్మల్ కాగితమే. ఎండ, నూనె చేతులు, శానిటైజర్, అత్తరు దీన్ని పాడుచేస్తాయి. మీరు జాగ్రత్త అనుకుని పెట్టిన ప్లాస్టిక్ కవరే ఇక్కడ శత్రువైంది. మెత్తటి పీవీసీ కవర్లలో ఉండే నూనెలాంటి పదార్థం కాగితంలోకి దిగి అక్షరాలను కరిగించేస్తుంది. నెల్లూరు మే నెల ఎండల్లో రేకుల ఇంట్లో, కారు డాష్‌బోర్డులో పెట్టిన బిల్లు సంగతి చెప్పనక్కరలేదు. లామినేషన్ చేయించడం ఇంకా ప్రమాదం: ఆ వేడికి కాగితమంతా ఒక్కసారిగా నల్లబడుతుంది. మీ పాత బిల్లును కూడా ఇస్త్రీపెట్టెతో ప్రయత్నించకండి. కిటికీ వెలుగులో ఏటవాలుగా పెట్టి ఫొటో తీసి, ఫోన్‌లోనే కాంట్రాస్ట్ బాగా పెంచి చూడండి. బిల్లు నంబరో, తేదీలో రెండంకెలో కనిపించినా షాపులో వెతకడానికి చాలు.

కాబట్టి థర్మల్ బిల్లు చేతికి రాగానే, షాపు మెట్లు దిగకముందే రెండు ఫొటోలు తీయాలి. ఒకటి బిల్లు మొత్తం, ఇంకొకటి అట్టపెట్టె పక్కన సీరియల్ నంబరు, ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) ఉన్న లేబుల్. ఆ రోజే తెల్లకాగితం మీద జెరాక్స్ తీయించండి. జెరాక్స్ అక్షరాలు ఏళ్ల తరబడి చెరగవు. ఫొటోను ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కీ పంపండి. బిల్లు ఫొటో ఒక్క ఆ ఫోన్‌లోనే ఉండి, పోయింది కూడా ఆ ఫోనే అయితే ఏం మిగులుతుంది?

షాపులోనే ఇంకొకటి చూసుకోవాలి, ఇది అన్నిటికంటే ముఖ్యం. బిల్లు మీద తేదీ ఉంటే చాలదు, ఆ వస్తువు సీరియల్ నంబరో ఐఎంఈఐనో ఉండాలి. తేదీ ఒక్కటే ఉన్న బిల్లు ‘ఒక ఫోన్ కొన్నారు’ అని మాత్రమే చెబుతుంది, ‘ఈ ఫోనే కొన్నారు’ అని చెప్పదు. సర్వీస్ సెంటర్‌కి కావలసింది రెండోది. ఫోన్‌లో డయల్ చేసే చోట *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది, రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండుంటాయి. అవి బిల్లు మీద, పెట్టె మీద, ఫోన్‌లో ఒకటేనా అని కౌంటర్ దగ్గరే సరిచూడండి. రద్దీ రోజుల్లో ఒకరి పెట్టెకి ఇంకొకరి నంబరు పడటం మామూలే, ఆ రోజైతే రెండు నిమిషాల్లో దిద్దేస్తారు, ఏడాది తర్వాత ఎవరూ దిద్దరు.

మీవారి ఫోన్ విషయానికొద్దాం. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి ఎలక్ట్రానిక్స్ కొనడం మన వైపు అలవాటే. అక్కడ ఇచ్చేది కొన్నిసార్లు ‘ఎస్టిమేట్’ అని రాసిన చీటీ, బిల్లు లేకుండా తీసుకుంటే ధర తగ్గుతుందంటారు. కాగితం బయటికి తీసి పైన 15 అక్షరాల జీఎస్‌టీ నంబరు ఉందో లేదో చూడండి. మొదటి రెండంకెలు 33 అయితే తమిళనాడు, 37 అయితే ఆంధ్రప్రదేశ్. ఆ నంబరు, బిల్లు నంబరు, తేదీ, ఐఎంఈఐ నాలుగూ ఉంటే అది సరైన బిల్లు. కంపెనీ వారంటీ చెన్నైలో కొన్నా నెల్లూరులో పనిచేస్తుంది. ‘షాపు వారంటీ’ అని చేత్తో రాసిచ్చింది మాత్రం ఆ షాపు గుమ్మం దాటి పనిచేయదు. సరైన బిల్లు లేకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఐఎంఈఐ ఇచ్చి యాక్టివేషన్ తేదీ, అంటే ఫోన్ మొదటిసారి వాడకంలోకి వచ్చిన తేదీ అడగండి, చాలా బ్రాండ్లు ఆ తేదీని చూసి చెప్పగలవు. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి, ఈ మాట మర్యాదగా గుర్తుచేస్తే చాలాచోట్ల బిల్లు బయటికొస్తుంది.

ఇకమీదట రాసుకోవడానికి యాప్‌ల కోసం వెతకొద్దు. అవి మూతపడితే మీ తేదీలు కూడా పోతాయి. గట్టి అట్ట ఉన్న వందపేజీల నోటుపుస్తకం ఒకటి, గూగుల్ షీట్ ఒకటి చాలు. ఒక్కో వస్తువుకు ఒక్కో పేజీ ఇవ్వండి: వస్తువు పేరు, మోడల్ నంబరు, సీరియల్ నంబరు లేదా రెండు ఐఎంఈఐలు, కొన్న తేదీ, షాపు పేరు, ఊరు, బిల్లు నంబరు, ధర, ఎలా కట్టారు, వారంటీ చివరి తేదీ, ఇప్పుడు ఎవరు వాడుతున్నారు. కింద సగం పేజీ ఖాళీగా వదలండి, రిపేర్లన్నీ అక్కడే రాయాలి. తేదీలో నెలను అక్షరాల్లో రాయండి. 04-05 అని రాస్తే అది మే 4వ తేదీయా, ఏప్రిల్ 5వ తేదీయా అన్నది రెండేళ్ల తర్వాత మీకే తెలియదు. బిల్లు ఫొటోల ఫైళ్లకు మాత్రం సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు వచ్చేలా పేరు పెట్టండి, ‘2025-10-02 పాప ల్యాప్‌టాప్’ అన్నట్టు. అలా అయితే ఫోల్డర్లో అవే వరసగా సర్దుకుంటాయి.

వారంటీ అంటే ఒకటే తేదీ అనుకోవద్దు. చాలా కంపెనీలు ఫోన్‌కి ఏడాది ఇచ్చినా, పెట్టెలో వచ్చిన చార్జర్‌కి, కేబుల్‌కి ఆరు నెలలే ఇస్తాయి. ఆ రెండు తేదీలూ విడివిడిగా రాయండి. అదనపు వారంటీ కొనాలనుకుంటే దానికీ గడువుంటుంది, ఉదాహరణకు ఆపిల్ కేర్ ప్లస్‌ను కొన్న 60 రోజుల్లోపే తీసుకోవాలి. ఇన్వర్టర్‌కి, దాని బ్యాటరీకి వారంటీలు వేరు, నంబర్లు వేరు, కాబట్టి పేజీలు కూడా వేరు. బ్యాటరీ వారంటీ కార్డు మీద డీలరు ముద్ర, అమ్మిన తేదీ లేకపోతే ఆ కార్డుకి విలువ లేదు, బిగించడానికి వచ్చిన మనిషి వెళ్లకముందే వేయించుకోండి. ఇన్ని నెలలు పూర్తిగా మారుస్తాం, ఆ తర్వాత ఇన్ని నెలలు ధరలో తగ్గిస్తాం అని కార్డు మీద రెండు భాగాలుంటాయి. రెండు చివరి తేదీలూ లెక్కవేసి పుస్తకంలో రాయాలి. డిస్టిల్డ్ వాటర్ పోసిన తేదీలు కూడా ఆ పేజీలోనే రాస్తే నీళ్లు ఎంత త్వరగా తగ్గుతున్నాయో తెలుస్తుంది. అంతకుముందుకంటే త్వరగా తగ్గుతున్నాయంటే చార్జింగ్ ఎక్కువైపోతోందనో, బ్యాటరీ ముసలిదైందనో అర్థం. వారంటీ ఉండగానే చూపించాలి.

వారంటీ ముగియడానికి నెల ముందు ఫోన్ క్యాలెండర్‌లో ఒక రిమైండర్ పెట్టండి. ఆ రోజు తీరిగ్గా వస్తువును పరీక్షించండి. చార్జింగ్ పిన్ వదులైందా, కాల్‌లో అవతలి మనిషికి మీ గొంతు సరిగ్గా వినబడుతోందా, తెల్ల తెర పెట్టి చూస్తే మచ్చలున్నాయా, కీబోర్డులో ఏ మీటైనా రెండుసార్లు పడుతోందా, బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిందా. చిన్నచిన్న లోపాలకు మనం సర్దుకుపోతాం, వారంటీ పోయిన వారానికి అవే పెద్దవవుతాయి. నెల రోజులు ఎందుకంటే, కావలి నుంచి నెల్లూరుకో ఒంగోలుకో వెళ్లి ఇచ్చాక విడిభాగం రావడానికి రోజులు పడుతుంది, ఒకసారి బాగుచేసింది మళ్లీ పాడైతే వెనక్కి తీసుకెళ్లడానికి కూడా వ్యవధి ఉండాలి.

సర్వీస్‌లో మదర్‌బోర్డు మార్చినా, వస్తువునే మార్చి కొత్తది ఇచ్చినా, సీరియల్ నంబరు గానీ ఐఎంఈఐ గానీ మారవచ్చు. అప్పుడు మీ పాత బిల్లు, చేతిలో ఉన్న ఫోన్ ఒకదానికొకటి సరిపోవు. సర్వీస్ సెంటర్ ఇచ్చే రిపేరు చీటీ (జాబ్ షీట్) మీద పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాయించుకుని, దాన్ని బిల్లు జెరాక్స్‌కి పిన్ను కొట్టండి. ఎక్కువమంది పారేసే కాగితం ఇదే, తర్వాత ఎక్కువ ఇబ్బందిపెట్టేదీ ఇదే.

ఫోన్ పోయినప్పుడు కూడా ఈ పుస్తకమే ఆదుకుంటుంది. బారాషహీద్ దర్గా రొట్టెల పండగ రద్దీలోనో, బస్టాండ్‌లోనో ఫోన్ పోతే ముందు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకోండి, అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ తీసుకోండి, తర్వాత కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ ఐఎంఈఐ ఇచ్చి బ్లాక్ చేయించండి. ఓటీపీ రావాలి గనుక సిమ్ ముందు. ఆ దరఖాస్తులో కొన్న బిల్లు కూడా జతచేసే చోటుంటుంది. పోయిన ఫోన్‌లో *#06# కొట్టలేరు కదా, నంబరు ఇంట్లో రాసి ఉంటేనే పని జరుగుతుంది. పాత ఫోన్ ఎవరి దగ్గరైనా కొనేముందు కూడా ఆంగ్ల అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ రాసి 14422కి మెసేజ్ పంపండి, అది బ్లాక్ అయిన ఫోనా కాదా తెలుస్తుంది. అమ్మే మనిషిని అసలు బిల్లు కూడా అడిగి తీసుకోండి, వారంటీ వాళ్లు కొన్న తేదీ నుంచే నడుస్తుంది, మీరు కొన్న తేదీ నుంచి కాదు.

మీ పుస్తకంలో ఇంకొక గడి కలపండి: ఆ మోడల్ మార్కెట్‌లోకి వచ్చిన నెల. సెక్యూరిటీ అప్‌డేట్లు మీరు కొన్న తేదీని చూసి రావు. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24, గూగుల్ పిక్సెల్ 8 లాంటివాటికి ఏడేళ్లు ఇస్తామన్నారంటే అది మోడల్ విడుదలైన నాటి లెక్క. రెండేళ్ల పాత మోడల్‌ను ఈ ఏడాది పండగ ఆఫర్‌లో కొంటే రెండేళ్లు అప్పటికే ఖర్చయిపోయినట్టు. బ్యాంకు యాప్‌లు ఉండే ఫోన్ కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పాప ల్యాప్‌టాప్ పాతదైతే విండోస్ ఎంతో చూడండి, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

చార్జర్లు, పవర్ బ్యాంకులు, బడ్స్ లాంటి చిన్నవాటికి పేజీ రాసే ఓపిక ఉండదు. వాటి మీదనే పర్మినెంట్ మార్కర్‌తో నెల, సంవత్సరం రాసి పైన పారదర్శక టేపు అంటించండి, లేకపోతే మన ఉక్కకి, చేతి చెమటకి నెలలోనే చెరిగిపోతుంది. సీరియల్ నంబరు స్టిక్కర్ మీద, గాలి రంధ్రాల మీద మాత్రం రాయకండి, అంటించకండి. పుస్తకం ఎక్కడ పెట్టాలన్నది కూడా చెప్పాలి. 2021 నవంబరులో పెన్న వరద ఇళ్లలోకి వచ్చినప్పుడు కింది అరల్లోని కాగితాలే ముందు తడిశాయి. పుస్తకం పై అరలో, జెరాక్సులు పుట్టింట్లోనో అత్తగారింట్లోనో, ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టండి.

తేదీ, బిల్లు, సీరియల్ నంబరు మూడూ చూపించాక కూడా వారంటీలో బాగుచేసేది లేదని సర్వీస్ సెంటర్ అంటే, 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెన్నైలో కొన్న వస్తువుకైనా మీరు నివసించే జిల్లాలోనే, అంటే నెల్లూరులోనే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల రూపాయల దాకా ఉంటే ఫీజు లేదు. గడువు రెండేళ్లు, అదీ మీకు నష్టం జరిగిన రోజు నుంచి. సర్వీస్ సెంటర్ కాదన్న తేదీని కూడా రాతపూర్వకంగా తీసుకోమని అందుకే చెబుతున్నాం.

అట్టపెట్టెల సంగతి. షాపు లేదా ఆన్‌లైన్ వాపసు గడువు ముగిసేదాకా ఏ పెట్టే పారేయొద్దు. తర్వాత ఫోన్ పెట్టెలు ఉంచుకోండి, అవి పెద్ద చోటు తినవు, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేటప్పుడు పెట్టె, బిల్లు ఉంటే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. ఇన్వర్టర్, మిక్సీ, ట్యాబ్ పెట్టెలకు పక్కన లేబుల్ ఉన్న భాగాన్ని కత్తిరించి పుస్తకంలో ఆ పేజీకి అంటించి, మిగిలిన అట్ట పాత పేపర్లవాడికి ఇచ్చేయండి. ల్యాప్‌టాప్ పెట్టె మాత్రం ఈ గీతల గొడవ తేలేదాకా అటక మీదే ఉండనివ్వండి, లేబుల్ మీద సీరియల్ నంబరును ల్యాప్‌టాప్ అడుగున ఉన్నదానితో ఈరోజే ఒకసారి పోల్చి చూసుకుని, ఆ తర్వాత షాపుకి బయలుదేరండి.